దోమ కూర్చున్న చోటు

మా కొండ ఊరు మిడెల్ట్‌లో కారు నడపగల ఆడవాళ్ళలో సగం మంది ఇత్తో దగ్గర నేర్చుకున్నవాళ్ళే. నేనూ ఆమె శిష్యురాలినే. బస్టాండు వెనక సందులో ఆమె డ్రైవింగ్ స్కూలు. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. ఎవరైనా తప్పు చేస్తే కారు పక్కకు తీయించి, చేతులు కట్టుకుని ముందుకు చూస్తూ కూర్చునేది. ఆ మౌనం కన్నా నాలుగు తిట్లు నయమనిపించేది. కోపం వస్తే అంత తేలిగ్గా పోయేది కూడా కాదు. ఒకప్పుడు సంత దగ్గర ఉల్లిగడ్డల బండివాడొకడు ఆమె కారుకు అడ్డం పడి, దారి ఇవ్వకపోగా నవ్వి పోయాడట. కొన్నేళ్ళకు వాడి కొడుకు పాఠాలకు వస్తే, "ముందు మీ నాన్నను పంపు. ఆయనకు నేర్పాక నీకు నేర్పుతా" అని గుమ్మంలోంచే తిప్పి పంపింది.

స్కూలు పైన ఇల్లు, ఇంటి పైన డాబా, డాబా మీద యాంటెన్నా. సైన్యంలో వైర్‌లెస్ పని చేసి వచ్చిన మేనమామ చిన్నప్పుడే ఆమెకు రేడియో పిచ్చి అంటించాడు. రాజధాని రబాత్ వెళ్ళి పరీక్ష రాసి, సొంత రేడియో సెట్టులో దూర దేశాలవాళ్ళతో మాట్లాడే లైసెన్సు తెచ్చుకుంది. భర్త మోహాకు తన ఆపిల్ తోట తప్ప మరో లోకం తెలియదు. అయినా యాంటెన్నా తిప్పే పని అతనిదే. 'అమెరికా' అని ఆమె కిటికీలోంచి కేకేస్తే వాయవ్యానికి, 'రష్యా' అంటే ఈశాన్యానికి చేత్తో తిప్పి, రాయి అడ్డం పెట్టి దిగి వచ్చేవాడు.

ఏటా అక్టోబరు చివర ఒక శని, ఆదివారాల్లో ప్రపంచమంతా ఆడే రేడియో పోటీ ఒకటుంది. ఆ రెండు రోజుల్లో ఎవరు ఎక్కువ మందితో, ఎక్కువ దేశాలతో మాట్లాడితే వాళ్ళది గెలుపు. మాటలంటే కబుర్లు కాదు. నీ స్టేషను గుర్తు, నా స్టేషను గుర్తు, ఒక అంకె, సెలవు. వెంటనే తర్వాతి మనిషి. ఆ రెండు రోజులూ గాలిలో కాలు పెట్టే సందు ఉండదు. అందుకే కొన్ని మర్యాదలు ఏర్పడ్డాయి. ఒక ఫ్రీక్వెన్సీలో కూర్చునే ముందు అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడగాలి. అడిగి, ఆగి, మళ్ళీ అడగాలి. ఉన్నామని ఎవరన్నా అంటే మారుమాట లేకుండా పక్కకు పోవాలి. పక్కవాడికి ఊపిరాడేంత ఎడం వదలాలి. లేచి వెళ్ళిపోతే ఆ చోటు నీది కాదు, ఎవరి సొంతమూ కాదు. ఇవన్నీ ఇత్తో మాకు ట్రాఫిక్ పాఠాల మధ్యలో చెప్పేది. మాలో చాలామందికి రేడియో ఎలా ఉంటుందో తెలియకపోయినా ఈ నియమాలు మాత్రం నోటికి వచ్చేవి.

ఊళ్ళో రేడియో ఉన్న మనిషి మరొకడు జుబేర్ లహ్లూ. ఫెజ్ నుంచి వచ్చి మిడెల్ట్‌లో ఆపిల్ పండ్ల కోల్డ్ స్టోరేజి పెట్టి బాగా సంపాదించాడు. పెద్ద చేయి, పెద్ద గొంతు, వాటికి తగ్గ పెద్ద స్తంభం మీద మోటారుతో తిరిగే యాంటెన్నా. చెడ్డవాడని ఎవరూ అనరు. పెళ్ళిళ్ళకు పిలవకుండానే పండ్ల బుట్టలు పంపేవాడు. అయితే తను ఉన్న గదిలో ఇంకొకరు మాట్లాడితే అతనికి ఊపిరాడేది కాదు.

ఒకే ఊళ్ళో రెండు సెట్లు ఒకే బ్యాండులో, అంటే ఒకే ఫ్రీక్వెన్సీల వరసలో, మోగితే ఇద్దరికీ నష్టమే. పక్కింటి పెళ్ళిలో డప్పులు మోగుతుంటే వీధి చివర నుంచి పిలిచేవాడి గొంతు ఎలా అందుతుంది? అందుకని మోహానే పూనుకుని, ఇద్దరినీ కూర్చోబెట్టి, పుదీనా టీ పోసి ఒప్పందం చేయించాడు. మధ్యాహ్నం పూట అమెరికా బాగా అందే బ్యాండు శనివారం ఇత్తోది, ఆదివారం జుబేర్‌ది. రెండోవాళ్ళు ఆ పూట ఇంకో బ్యాండులో ఆడుకోవాలి. చాలా ఏళ్ళు ఆ మాట చెల్లింది.

ఆ మాట తప్పింది ఒక ఏడు, ఇత్తో వంతు శనివారం నాడు. ఆ రోజు అమెరికా దారి ఎన్నడూ లేనంతగా తెరుచుకుంది. ఇత్తో ఖాళీ చోటు వెతుక్కుని, అడిగి, ఆగి, మళ్ళీ అడిగి కూర్చుంది. వరసగా జనం. ఒకరికి జవాబిస్తుంటే పదిమంది పిలుస్తున్నారు. అలాంటి పూట పదేళ్ళకొకసారి వస్తుందని ఆమె తర్వాత నాతో అంది.

ఆ ఏడు జుబేర్ ఇంటికి అతిథులు వచ్చారు. కాసాబ్లాంకా నుంచి ఇద్దరు, బెల్జియం నుంచి ఒకాయన, అందరూ రేడియోవాళ్ళే. అతిథుల ముందు చిన్న బ్యాండులో వెతుక్కోవడం జుబేర్‌కు నామోషీ అనిపించింది కాబోలు. అడగలేదు, ఆగలేదు. తిన్నగా వచ్చి ఇత్తో చోట్లోనే కూర్చుని పిలవడం మొదలుపెట్టాడు.

ఇత్తో మర్యాదగానే, పేరుకు ముందు 'గారు' లాంటి 'సీ' చేర్చి చెప్పింది. ఇక్కడ నేనున్నాను సీ జుబేర్, ఇవాళ శనివారం అంది. ఇంకోసారి చెప్పింది. అప్పుడతను మైకు మూయకుండానే, పక్కన ఉన్నవాళ్ళు కూడా వినేలా అన్నాడు:

"నాకిక్కడ ఎవరూ వినబడటం లేదు. ఏదో దోమ రొద, అంతే."

వెనక నవ్వులు వినబడ్డాయి. ఇత్తో సెట్టు ఆపేసింది. పోటీ అయిపోయేదాకా మళ్ళీ పెట్టలేదు.

నవ్విన కాసాబ్లాంకావాళ్ళు ఆ ముచ్చటను రబాత్ రేడియో క్లబ్బుదాకా మోశారు. జుబేర్ కాపలాదారు హద్దూ దాన్ని మిడెల్ట్ సంతకు మోశాడు. వారం తిరక్కుండా డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఎవరో బొగ్గుతో దోమ బొమ్మ గీశారు. మా వెనక వచ్చే లారీవాళ్ళు హారన్ మోగించడం మానేసి, కిటికీలోంచి తల బయటపెట్టి దోమలా రొద చేసేవాళ్ళు. నేను స్టీరింగ్ పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇత్తో మాత్రం అద్దం సరిచేసుకోమని చెప్పి ఊరుకునేది.

జుబేర్‌కు సంగతి తెలిసింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు గానీ హద్దూ చేత ఆపిల్ పెట్టె పంపించాడు. వేళాకోళానికి అన్న మాటను లల్లా, అంటే అమ్మగారు, మనసులో పెట్టుకోవద్దని కబురు. మోహా పెట్టె దించుకుని చూశాడు. చెక్క మీద అతని తోట గుర్తే ఉంది. అప్పట్లో మోహా పంటంతా జుబేర్ కోల్డ్ స్టోరేజిలోనే ఉండేది. చేతికందిన పెట్టె ఏదో తీసి పంపమని ఉంటాడు. పనివాళ్ళు మోహా పెట్టెనే తీశారు. అంటే అతని ఆపిళ్ళు అతనికే కానుకగా వచ్చాయి.

మోహా నవ్వేశాడు. ఇత్తో నవ్వలేదు.

"మీ సీ జుబేర్‌కు చెప్పు హద్దూ," అంది. "దోమ ఆపిళ్ళు తినదని చెప్పు. ఏం తాగుతుందో ఆయనకే తెలిసొస్తుంది."

మర్నాడే లారీ మాట్లాడి పంటంతా అక్కణ్ణుంచి తీయించేసింది. చలికాలం దాటితే మంచి ధర వచ్చే పండు అయినకాడికి పోయింది. మోహా రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఊళ్ళో మరో కోల్డ్ స్టోరేజి లేదని, పగ పట్టడానికైనా మనిషికి చోటు చూసుకోవద్దా అని నా దగ్గర వాపోయాడు. భార్య దగ్గర మాత్రం నోరెత్తలేదు.

మొదట ఆమె దొంగదెబ్బ తీయబోయింది. ఈ సంగతి ఆమె దాచలేదు. మా అందరికీ చెప్పింది. ఆ చలికాలం మన దేశంవాళ్ళే ఆడుకునే చిన్న పోటీ ఒకటి జరిగింది. జుబేర్ పిలుస్తున్న చోటికి వెళ్ళి, మాట లేకుండా, సెట్టు మీట నొక్కి ఉత్త ఈల చప్పుడు వదిలింది. అతను పక్కకు జరిగితే తనూ జరిగింది. అతను బూతులు తిడుతుంటే ఆమెకు ఎండాకాలం చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా ఉందట. అంతలో ఎక్కడో క్సార్ ఎల్ కెబీర్ అనే ఊరి పెద్దాయన ఒకడు రేడియోలోనే మధ్యలో కల్పించుకున్నాడు. ఈల వేసేది ఎవడో గానీ వాడికి మొహం లేదు, పేరు లేదు, వాడిది దొంగ బతుకు అన్నాడు.

ఆమె ఠక్కున మీట మీంచి వేలు తీసేసింది. జుబేర్‌ను బాధపెట్టినందుకు కాదు. కొట్టింది ఎవరో అతనికి తెలియనప్పుడు ఆ దెబ్బ ఎందుకని. "పేరు పెట్టుకోలేని పగ పగే కాదు" అని నాతో అంది. ఆ తర్వాత ఆమె మర్యాదలన్నీ పాటించింది, ఒక్కటి కూడా తప్పకుండా. జుబేర్‌ను దెబ్బతీయడానికి అవే చాలని అప్పటికే తేల్చుకుంది.

ఏడాదంతా పని చేసింది. పాత యాంటెన్నా అమ్మి, తను దాచుకున్నది కలిపి కొత్తది తెప్పించింది. కొత్త కారు కొందామని దాచుకున్నదది. మేం ఆ పాత బండిలోనే, చలికి తలుపు సరిగా పడకపోతే తాడు కట్టుకుని నేర్చుకున్నాం. డాబా మీద కొత్త స్తంభం లేచింది. అమెరికా వైపు తిప్పితే దాని ముక్కు సూటిగా జుబేర్ ఇంటి కప్పు మీదుగా పోతుంది. అతను ఏ చోట కూర్చోవడానికి ఇష్టపడతాడో, ఎప్పుడు లేస్తాడో వింటూ వచ్చింది. బెల్జియం స్నేహితులకు గుర్తుండేలా అతను ఎప్పుడూ ఒకే చోట కూర్చునేవాడు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. జుబేర్ ఈసారి దేశంలో ఇంతవరకు ఎవరూ చేయనంత స్కోరు చేస్తానని ఊరంతా చాటాడు. పోయినేటి అతిథులే వచ్చారు. శనివారం ఇత్తో సెట్టు ముట్టలేదు. కిటికీ మూసి ఉన్ని వడికింది. జుబేర్ మధ్యాహ్నం బ్యాండు కూడా తనే తీసుకున్నాడు. దోమ చచ్చిందోయ్ అని అతిథులతో అన్నాడని హద్దూయే చెప్పాడు.

ఆదివారం జుబేర్ ఇంట్లో గొర్రెను నిలువునా కాలుస్తున్నారని వాసన సంత దాకా వచ్చింది. ఇత్తో ఎదురుచూసింది ఆ వాసన కోసమే. అతిథులు భోజనానికి కూర్చుంటే ఫెజ్ మనిషైన జుబేర్ తనూ పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించక తప్పదు. అమెరికా దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, తినేసి వద్దామనుకున్నాడు. అతను లేచాడు. అతని చోటు నిశ్శబ్దమైంది.

ఇత్తో మైకు తీసుకుంది. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆగింది. మళ్ళీ అడిగింది. ఇంకా సేపు ఆగి మూడోసారి కూడా అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. కూర్చుంది.

జుబేర్ వేళ్ళ జిడ్డు తుడుచుకుంటూ వచ్చేసరికి గదంతా ఇత్తో గొంతే. మొదట అతనికి అర్థం కాలేదట. అతిథులు చూస్తున్నారు. బెల్జియం ఆయన మర్యాదలకు ప్రాణమిచ్చే మనిషి; పోయినేడు హెడ్‌ఫోన్స్ జుబేర్ చెవులకే ఉండటంతో దోమ మాట నమ్మి నవ్వాడు, ఈసారి తన చెవులతోనే వింటున్నాడు. ఆయన ముందు పోయినేటి ఆట మళ్ళీ ఆడటానికి వీల్లేకపోయింది. తప్పక అడిగాడు:

"ఈ ఫ్రీక్వెన్సీలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు," అంది ఇత్తో. "దోమ ఉంది."

కాస్త పైకి జరిగాడు. మరీ దగ్గరకు వచ్చారు, ఊపిరాడేంత ఎడం వదలండి అని ఆమె మర్యాదగా చెప్పింది. ఇంకా జరిగాడు. ఎంత జరిగినా ఇత్తో మైకు నొక్కినప్పుడల్లా అతని సెట్టులో అమెరికా మొత్తం మునిగిపోతోంది. బ్యాండు మారదామంటే మిగతా బ్యాండుల్లో దొరికేవాళ్ళందరితో శనివారమే మాట్లాడేశాడు. మిగిలిన పంటంతా ఇక్కడే ఉంది. చివరికి తిరిగి ఆమె చోటికే వచ్చాడు.

"లల్లా ఇత్తో, ఆదివారం నాది. అది మన ఒప్పందం."

"ఎవరో ఏదో అంటున్నట్టుంది," అంది ఇత్తో. "సరిగా వినబడటం లేదు."

అంతే. మళ్ళీ పిలవడంలో పడిపోయింది. మోహా టీ తెచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోందట. పెళ్ళినాడు కూడా ఆ కళ చూడలేదన్నాడు. కానీ అతనొకటి గమనించాడు. ఆమె పిలుస్తోంది గానీ జవాబిచ్చేవాళ్ళను పట్టించుకోవడం లేదు. పిలవడం, ఒక్క క్షణం జుబేర్ కోసం చెవి పెట్టడం, మళ్ళీ పిలవడం. ఆ క్షణంలోనే అడుగున ఎక్కడో సన్నటి ఆడగొంతు ఒకటి, కెనడా దగ్గర ఏదో దీవి నుంచి, ఓపిగ్గా తన గుర్తు చెప్పుకుంటోంది. చెప్పిందే చెబుతోంది.

"ఎవరో పిల్ల పిలుస్తోంది ఇత్తో. నేను పొయ్యి వెలిగించినప్పటి నుంచీ పిలుస్తోంది. నీకు వినబడటం లేదా?"

"ఉండనీ," అంది ఇత్తో. "దాని సంగతి తర్వాత."

మోహా గ్లాసు అక్కడ పెట్టి దిగిపోయాడు.

ఎండ వాలుతుండగా జుబేర్ నడుచుకుంటూ వచ్చాడు. కారు కూడా తేలేదు. మోహా కూర్చోమన్నాడు, టీ పోశాడు. ఇత్తో కిందికి దిగలేదు. చివరికి అతనే మెట్లెక్కాడు, వెనకే మోహా. అతన్ని చూసి కూడా ఆమె ఇంకోసారి పిలిచి అప్పుడు మైకు కింద పెట్టింది.

"అతిథుల ముందు నా తల తీసేశారు లల్లా," అన్నాడు జుబేర్. "ఏం కావాలో చెప్పండి. మోహా పంటకు వచ్చే ఏడు గది ఊరికే ఇస్తాను."

"గది అడగలేదు. పోయినేడు నేను మాట్లాడింది మీరు విన్నారా, వినలేదా?"

"అదెప్పటి మాట..."

"విన్నారా, వినలేదా?"

జుబేర్ మోహా వైపు చూశాడు. మోహా నేల చూపులు చూస్తున్నాడు.

"విన్నాను," అన్నాడు.

"నాకు చెబితే ఏం లాభం? నేను విన్నారనే అనుకున్నాను. మీ ఇంట్లో మీ సెట్టు ముందు ముగ్గురు కూర్చుని ఉన్నారు కదా. నవ్వినవాళ్ళు. వాళ్ళకు చెప్పండి." మైకు అతని వైపు జరిపింది.

 జుబేర్ మైకు అందుకుని నొక్కాడు. తర్వాత ఫ్రెంచిలో, అతిథులకు అర్థమయ్యేలా చెప్పాడు. "నేను జుబేర్‌ని. పోయినేడు ఈ చోట లల్లా ఇత్తో ఉంది. నేను అడగకుండా వచ్చి కూర్చున్నాను. ఆమె మాట నాకు స్పష్టంగా వినబడింది. వినబడలేదని అబద్ధం చెప్పాను."

 తర్వాత బెల్జియం ఆయన గొంతు పొడిగా పలికింది. "విన్నాం, సీ జుబేర్."

ఇత్తో సెట్టు కట్టేసింది. మిగతా సాయంత్రం మీదే అని చెప్పి, అతను మెట్లు దిగేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ రాత్రి మాంసంలో క్విన్సు అనే పుల్లటి పండ్లు వేసి వండించుకుని రెండుసార్లు అడిగి వడ్డించుకుందని మోహా చెప్పాడు. నిద్రపోయే ముందు మాత్రం, ఆ పిల్ల గుర్తు ఏమిటో నువ్వేమన్నా విన్నావా అని అడిగిందట. అక్షరాలు నాకేం తెలుసు, గొంతే విన్నానన్నాడు మోహా. ఆ తర్వాత చాలా పోటీల్లో ఆమె అటువైపు యాంటెన్నా తిప్పి వెతకడం నేను చూశాను. దొరకలేదు.

ఊరు మెల్లిగా దోమ మాట మర్చిపోయింది. రబాత్ క్లబ్బులో కథ తిరగబడింది. ఇప్పుడు అక్కడ కొత్తవాళ్ళకు మర్యాదలు చెప్పేటప్పుడు జుబేర్ మెట్లెక్కిన సంగతే చెబుతారట. మోహా మళ్ళీ తన పంటను ఆ కోల్డ్ స్టోరేజిలోనే పెట్టాడు. అద్దె కట్టే పెట్టాడు, ఊరికే పెట్టడానికి ఇత్తో ఒప్పుకోలేదు. పాత ఒప్పందం కూడా తిరిగి వచ్చింది. ఈసారి మధ్యలో టీ లేదు. జుబేర్ తన వంతు రోజున కూడా కూర్చునే ముందు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఇత్తో వింటూ ఉంటే, లేరు, కూర్చోండి అంటుంది. అంతకుమించి ఒక్క మాట కలపదు.

మొన్నామధ్య నేనే ఉండబట్టలేక, ఆయన్ని క్షమించేసినట్టేనా ఆంటీ అని అడిగాను. కారు ఇరుకు మలుపులో ఉంది. ఎదురుగా వస్తున్న గాడిద బండికి దారి వదలమని చేత్తో సైగ చేసి, అది పోయాక అంది:

"ఆయన క్షమించమని అడగలేదు, నేను క్షమించలేదు. చోటు వదిలాం, అంతే. పోనీ, ముందుకు."